నానమ్మకు ఆయుర్దాయం చెప్పిన శనివారం

నేను చదివిన చదువు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. యాక్చూరియల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ. సీటు వచ్చిందని చెప్పిన రోజు మా అమ్మ దాన్ని రెండుసార్లు పలికి చూసి, మూడోసారి ప్రయత్నించకుండా "ఎమ్మెస్సీ అని సెప్పుకుంటాలే" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. బిలాస్‌పూర్‌లో మేముండే తార్‌బహార్ పేటలో మా ఎదురింటి ఆంటీకి అది అక్వేరియం సైన్స్ అని వినపడింది. వారం తిరక్కుండానే నేను చేపల చదువు చదువుతున్నానని వీధంతా ఖాయం చేసుకుంది. ఒకరోజు ఆవిడ తమ ఇంట్లో గాజు తొట్టెలో ఉన్న బంగారు రంగు చేప రెండు రోజులుగా తిండి ముట్టడం లేదని, కాస్త వచ్చి చూడమని పిలిచింది. కాదనలేక వెళ్ళాను. తొట్టె వంక కాసేపు గంభీరంగా చూసి, నీళ్ళు మార్చమని చెప్పి వచ్చేశాను. చేప మర్నాటికల్లా కోలుకుంది. ఆ తర్వాత నా చదువు అది కాదని ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

అది నాకు ఇరవై నాలుగో ఏడు. బిలాస్‌పూర్‌లోనే లెక్కల్లో డిగ్రీ చేసి, సిర్గిట్టి వైపు ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. నాన్న గూడ్సు బండి లోకో పైలట్. తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి రైల్వేలో కూలీగా వచ్చి, పాయింట్స్‌మన్‌గా రిటైరై, నేను చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. ఇంట్లో ఉన్నవాళ్ళం నలుగురం. అమ్మ, నాన్న, నేను, నానమ్మ.

ఈ చదువు మీద నా కన్ను పడింది ఒక బీమా ఏజెంటు వల్ల. ఆయన నాన్నకు స్నేహితుడు. ఒక సెలవు రోజున ఇంటికొచ్చి, సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, నాన్న వయసు దగ్గర వేలు పెట్టి, ఆ వరసలో ఉన్న ప్రీమియం అంకె చదివాడు. పైన నా వయసు దగ్గర వేరే అంకె ఉంది. ఈ అంకెలు ఎవరు వేశారంకుల్ అని అడిగాను. కంపెనీ వాళ్ళు అన్నాడు. కంపెనీలో ఎవరు అన్నాను. ఆయన పుస్తకాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, "అచ్ఛా, అది నాకూ తెలీదమ్మా" అన్నాడు నిజాయితీగా. ఆయన వెళ్ళాక ఆ అంకెలు వేసేవాళ్ళ గురించి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టి, భోజనానికి పిలిచినా లేవలేదు. మనుషుల ఆయుష్షును లెక్కలతో పట్టుకునే శాస్త్రం ఒకటుందనీ, అందులో డిగ్రీ ఉందనీ, శని ఆదివారాలు ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో క్లాసులు విని, రాయ్‌పూర్ వెళ్ళి పరీక్షలు రాయొచ్చనీ సాయంత్రానికల్లా తెలిసిపోయింది. ఆ సాయంత్రం నేను డాబా మీదికి నాలుగుసార్లు ఎక్కి దిగాను. పైన పనేమీ లేదు. ఒకచోట కూర్చోలేకపోయాను, అంతే.

సీటు వచ్చాక సిలబస్ ప్రింటు తీయించి తెచ్చి అందరికీ చూపించాను. నానమ్మ మంచం మీద కూర్చుని ఆ కాగితాలను చేత్తో తడిమింది.

"ఇందులో ఏటి నేర్పుతారే?" అంది.

"మనుషులు ఎంతకాలం బతుకుతారో లెక్క వేయడం."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న టీ కప్పు కింద పెట్టాడు. నానమ్మ ఒక్కతే తాపీగా, "అచ్ఛా. అయితే నాదెంతున్నాదో సెప్పు" అంది.

"సీటొచ్చిన రోజున అవేం మాటలత్తా" అని అమ్మ కసిరింది.

"నానేటన్నాను? అది సదివేది అదే కాదేటి?"

"ఇంకా నేర్చుకోలేదు నానమ్మా" అన్నాను.

"మరి బేగి నేర్సుకో. నేర్సుకునేసరికి నానుండాల కదా."

ఆవిడకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మూడేళ్ళుగా డాక్టరు ఆపరేషన్ చేస్తానంటున్నాడు, నాన్న చేయిద్దామంటున్నాడు, ఆవిడ వద్దంటోంది. "ఇంకెన్నాళ్ళు సూడాలని?" అనేది. కొత్త చెప్పులు కొందామన్నా అదే మాట. దుప్పటి చిరిగింది, వేరేది తెస్తామన్నా అదే మాట. మాట్లాడటంలో విచారమేమీ ఉండేది కాదు, సామాను సర్దేసుకుని బండి కోసం కూర్చున్న మనిషిలా ఉండేది. చూపు మందగించాక, విశాఖ నుంచి ఎవరో ఒకరు తెచ్చిచ్చే పాత తెలుగు వారపత్రికలను నా చేత చదివించుకునేది. బడి చదువంతా హిందీలో సాగిన నాకు తెలుగు చదవడం వచ్చింది అలాగే, కూడబలుక్కుంటూ, ఆవిడ చేత చీవాట్లు తింటూ. ఒక ఒత్తు తప్పు చదివితే ఆవిడకు కథ అర్థమైపోయినా సరే, ఆ పేరా మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే.

క్లాసులు మొదలయ్యాయి. మొదటి రెండు నెలలూ నాకు ఏమీ అర్థం కాలేదు, అయినా హుషారుగానే ఉన్నాను. లెక్కల్లో అక్షరానికి కుడివైపు కింద చిన్న అంకె ఉండటం నాకు తెలుసు. ఈ చదువులో ఎడమవైపు కూడా ఒక అంకె వేలాడుతుంది, నెత్తి మీద ఒక గీత ఉంటుంది, పక్కన కట్టడం మధ్యలో ఆపేసిన గోడలా ఒక మూల ఉంటుంది. నోట్సు రాసుకుంటుంటే ముగ్గులు వేస్తున్నట్టే ఉండేది. మా వీధికి అవతలే పట్టాలు. బొగ్గు బండి వెళ్ళినప్పుడల్లా బల్ల మీద లాప్‌టాప్ సన్నగా వణికేది, పాఠం చెప్పే మేడమ్ గొంతు హారన్‌లో కలిసిపోయేది. సరిగ్గా ఆ నిమిషంలోనే ఆవిడ అసలు సంగతి చెప్పేస్తోందని నాకు గట్టి అనుమానం.

మొదటి పరీక్షలో నాకు నలభైకి పదకొండు మార్కులు వచ్చాయి. మర్నాడు బడిలో పదో తరగతి పిల్ల ఒకతి ఇరవైకి ఎనిమిది తెచ్చుకుని, తలొంచుకుని నా ముందు నిలబడింది. తిట్టబోయి, "పర్వాలేదు, నాకన్నా నయమే" అనేశాను. ఆ పిల్ల తలెత్తి, నాకెన్ని వచ్చాయో అడిగి, అక్కడే శాతం లెక్కకట్టి, "అవును దీదీ, నేనే ముందున్నాను" అంది. క్లాసంతా బల్లలు చరిచింది. నేనూ చరిచాను.

ఆ పరీక్షలో నన్ను ముంచింది ఆయుర్దాయం పట్టిక. ఒకేసారి లక్షమంది పిల్లలు పుట్టారనుకుని, ఏటా వాళ్ళలో ఎంతమంది మిగులుతారో వరసగా రాసుకుంటూ పోతారు. దాన్నిబట్టి ఫలానా వయసువాళ్ళు సగటున ఇంకెన్నేళ్ళు బతుకుతారో తేలుతుంది. నేను దాన్ని ఉత్త తీసివేత అనుకున్నాను. సగటు ఆయుష్షులోంచి వయసు తీసేస్తే మిగిలిందే ఇంకా ఉన్న ఆయుష్షు. ఆ లెక్కన మా నానమ్మ ఎప్పుడో కొన్నేళ్ళ కిందటే పోయి ఉండాలి.

ఒక సాయంత్రం మా బడిలో పనిచేసే టీచరుకు పుస్తకం ఇవ్వడానికి లాల్‌ఖదాన్ వైపు వెళ్తుంటే రైల్వే గేటు పడింది. స్కూటీ ఆపి నిలబడ్డాను. బొగ్గు బండి వెళ్తోంది, పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ తెగడం లేదు. ఆ పొద్దున్నే నానమ్మ మూడు అట్లు తిని, నాలుగోది అడిగి, పాలలో నీళ్ళు కలిపాడని పాలవాడితో గుమ్మంలో పావుగంట పోట్లాడింది. నా లెక్కలో ఈవిడ లేదు. కానీ అట్లు తింటోంది. మరి తప్పు ఎక్కడుంది? పెట్టెలు లెక్కపెడుతూ నిలబడ్డదాన్ని, ఉన్నట్టుండి లెక్క మానేశాను. సగటు తీసినప్పుడు పసితనంలో పోయినవాళ్ళూ, పాతికేళ్ళకు పోయినవాళ్ళూ అందరూ అందులో ఉన్నారు. నానమ్మ వాళ్ళలో లేదు. ఆవిడ డెబ్బై ఎనిమిది దాకా వచ్చేసింది. ఆవిడ లెక్క అక్కడినుంచి మొదలుపెట్టాలి, అక్కడిదాకా వచ్చినవాళ్ళతోనే వేయాలి. తీసివేత కానే కాదు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. బండి వెళ్ళిపోయి, గేటు లేచి, వెనక హారన్లు మోగుతున్నా హ్యాండిల్ పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. పక్కన మోటారు సైకిల్ మీదున్న పెద్దమనిషి కంగారుగా, ఏమైందమ్మా అని హిందీలో అడిగాడు. "మేరీ దాదీ జిందా హై" అన్నాను. మా నానమ్మ బతికే ఉంది అని. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "బధాయీ హో బేటీ" అని అభినందించి, బండి పోనిచ్చాడు.

ఆ వారమే శనివారం క్లాసులో మేడమ్ ఒక పని అప్పగించింది. లెక్కలు రాని మనిషి ఎవరికైనా ఆయుర్దాయం అంటే ఏమిటో మాటలతో చెప్పాలి, అయిదారు నిమిషాల వీడియో తీసి వచ్చే శనివారానికి పంపాలి. చాలామంది ముఖాలు వేలాడేశారు. నేను క్లాసు అయిపోవడం ఆలస్యం, మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా, బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి నానమ్మ ఎదురుగా కూర్చున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "పెద్దావిడ దగ్గర ఆ లెక్కలేటే" అంది. వెళ్ళిపోలేదు మాత్రం.

"నానమ్మా, రాయ్‌పూర్‌లో లక్షమంది విశాఖ బండి ఎక్కారనుకో."

"లచ్చమందే? కూకోడానికి సోటుంటాదేటి?"

"అనుకోమంటున్నాను."

"సరే, అనుకున్నాను. రిజర్వేషనున్నాదా?"

"ఉంది. దారిలో ఒక్కో స్టేషన్‌లో కొంతమంది దిగిపోతుంటారు. మహాసముంద్‌లో కొందరు, టిట్లాగఢ్‌లో కొందరు, రాయగడలో కొందరు."

"దిగిపోడమంటే సచ్చిపోడమా?"

"ఆఁ."

"మరలగే సెప్పు. దిగిపోడమేటి, సేతిలో సామానున్నట్టు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఫోన్ వంక చూసి, నవ్వు మింగి, మళ్ళీ మొదలుపెట్టాను.

"అందరూ సగటున ఎంత దూరం వెళ్ళారని లెక్క వేస్తే, ముందే దిగిపోయినవాళ్ళు కూడా అందులో కలుస్తారు కదా. ఆ సగటు టిట్లాగఢ్ దగ్గర తేలిందనుకో. నువ్విప్పుడు టిట్లాగఢ్ దాటేశావు. అంటే..."

"అంటే మహాసముంద్‌లో దిగిపోయినోల లెక్క నాకెందుకే?" అంది నానమ్మ. "ఇక్కడిదాకా ఒచ్చినోలలో ఎంతమంది ముందుకెల్తారో, అది కదా నా లెక్క."

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. రెండు నెలల పాఠాలూ ఒక బొగ్గు బండీ కలిస్తే తప్ప నాకు తట్టని సంగతి, ఈవిడ లెక్కల చదువేమీ లేకుండా, మంచం మీద కాళ్ళు చాపుకుని చెప్పేసింది.

"నోరు మూసుకోయే, ఫోనులో పడతావు. ఇంతకీ నాదెంతున్నాది?"

పట్టిక తీసి ఆవిడ వరస దగ్గర వేలు పెట్టి చదివాను. ఆ అంకె ఇక్కడ రాయను. పట్టికలు మారుతుంటాయి, చదివేవాళ్ళు తమ ఇళ్ళలో పెద్దవాళ్ళకు చెప్పి నా మీదికి గొడవ తెస్తారు. ఆవిడ అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ అని మాత్రం చెబుతాను. నానమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి వచ్చేసరికి ముఖం మారిపోయింది.

"ఇన్నేళ్ళే? ఇన్నేళ్ళూ ఏటి సేస్తానే నాను?"

నాకు భయం వేసింది. "నానమ్మా, ఇది సగటు. మాట ఇచ్చినట్టు కాదు. అంతకన్నా ముందే కావచ్చు, చాలా తర్వాతా కావచ్చు."

"అది నాకు తెలీదేటి? ఆ విశాఖ బండి ఏనాడైనా రాసిన టైముకి ఒచ్చినాదా? అలగని టైమ్ టేబులు సూడ్డం మానేసినామా?"

మర్నాడు పొద్దున్న నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. సంచి ఇంకా భుజానే ఉంది. నానమ్మ వాకిట్లోనే పట్టుకుంది.

"బాబూ, ఆ కంటి డాక్టరు దగ్గరికి నన్నెప్పుడు తీసుకెల్తావు?"

"ఎవరికమ్మా, కన్ను?"

"నాకేరా. అన్నేళ్ళు కళ్ళు లేకండా ఎలగుంటాను?"

నాన్న సంచి దించి, ముందు అమ్మ వంక, తర్వాత నా వంక చూశాడు. మూడేళ్ళు బతిమాలి, కోప్పడి, అత్తయ్యల చేత ఫోన్లు చేయించి, చివరికి వదిలేసిన మనిషి ఆయన.

"ఏం చేశావమ్మా?" అని నన్ను అడిగాడు.

"హోంవర్క్" అన్నాను.

తర్వాతి శనివారం క్లాసులో మేడమ్ నా వీడియో పెట్టింది. నానమ్మ తెలుగుకు కింద నేను ఇంగ్లీషులో అర్థం టైపు చేసి ఉంచాను. దేశం నలుమూలలా ఉన్న ఇరవై మంది తెర మీద చిన్న చిన్న గళ్ళలో కూర్చుని చూస్తున్నారు. సామాను మాట దగ్గర ఒక గడిలో నవ్వు మొదలైంది, ఆ పక్క గడికి పాకింది, ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న ఒకబ్బాయికి అందరూ నవ్వడం ఆపాక నవ్వొచ్చింది, వాణ్ణి చూసి అందరూ మళ్ళీ నవ్వారు. మహాసముంద్ మాట దగ్గర మేడమ్ వీడియో ఆపి, వెనక్కి జరిపి, ఇంకోసారి పెట్టింది. "మీలో ఎంతమందికి ఇది ఇంత త్వరగా అర్థమైంది?" అని అడిగింది. ఎవరూ చెయ్యెత్తలేదు.

తర్వాత ఆవిడ గొంతు మార్చి నన్నొక మాట అడిగింది. "సగటు అని చెప్పావు, బాగుంది. ఆ సగటు చుట్టూ ఎంత వెడల్పు ఉందో చెప్పావా? కొందరు ఎంత ముందు పోతారు, కొందరు ఎంత వెనక పోతారు? అది చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే జోస్యమవుతుంది. నువ్వు జోస్యం చెప్పడానికి చదవడం లేదు." నేను బుద్ధిగా రాసుకుంటున్నాను. ఈలోగా పక్కగదిలోంచి, "ఏటంటున్నాదే మీ మేడము? నాను బాగా సెప్పినానా?" అని నానమ్మ గట్టిగా అరిచింది. నా మైకు తెరిచే ఉంది. ఇరవై గళ్ళూ మళ్ళీ ఊగిపోయాయి. ఆ మాటకు అర్థమేమిటో మేడమే అడిగి తెలుసుకుని, "బాగా చెప్పారని చెప్పు" అంది.

మేడమ్ హెచ్చరిక మంచి సమయంలో వచ్చింది. ఎందుకంటే అప్పటికే నానమ్మ తన అంకెను వీధిలో చెప్పేసింది. మర్నాడు, ఆదివారం సాయంత్రం మా వరండాలో ఆవిడ ఈడు ఆడవాళ్ళు నలుగురు, అంతకన్నా చిన్నావిడ ఒకామె, పక్క వీధిలో ఉండే రిటైర్డ్ గార్డు తాతగారు వచ్చి కూర్చున్నారు. అమ్మ మొదట ముఖం ముడుచుకుంది కానీ, ఇంటికి వచ్చినవాళ్ళను ఊరికే పంపలేక మినప్పప్పు రుబ్బి గారెలు వేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ వయసు చెబుతున్నారు. సగం మందికి పుట్టిన సంవత్సరం తెలీదు. ఫలానా తుఫాను వచ్చిన ఏడాదని ఒకరు, కాదు ఆ తర్వాతి ఏడాదని ఇంకొకరు. నేను ప్రతి అంకెకూ ముందు మేడమ్ మాట చెప్పాను, తర్వాత వెడల్పు చెప్పాను, ఆ తర్వాతే అంకె చెప్పాను. వాళ్ళు మొదటి రెండూ వినకుండా మూడోదాని కోసం చూశారు.

గొడవ గార్డు తాతగారి దగ్గర వచ్చింది. ఆయన వయసూ నానమ్మ వయసూ ఒకటే. ఆయన అంకె చిన్నది.

"ఇదేటిది? నాదెందుకు తగ్గిపోనాది?"

"మగవాళ్ళ పట్టిక వేరు తాతగారూ. సగటున ఆడవాళ్ళే కొంచెం ఎక్కువ కాలం బతుకుతారు."

"బతుకు బతుకంతా గూడ్సు బండి వెనకాల బ్రేకువ్యానులో ఊగుతూ డ్యూటీ సేసినోన్ని నాను. ఇంట్లో కూకున్నోలు ఈలు. ఆయుష్షు ఈలకేటి?"

"ఎవలు కూకున్నారు ఇంట్లో?" అని నలుగురూ ఒక్కసారే లేచారు. నీళ్ళ లైన్లు, బొగ్గు పొయ్యిలు, ఆయన డ్యూటీలో ఉండగా పుట్టిన పిల్లలు, అన్నీ బయటికొచ్చాయి. ఆయన చేతులెత్తేసి, నా వైపు వంగి, "అమ్మా, దీని మీద అప్పీలు ఎవలికి పెట్టుకోవాల?" అని నెమ్మదిగా అడిగాడు. అది ఆయన వేళాకోళానికి అనలేదు. నలభై ఏళ్ళ రైల్వే ఉద్యోగంలో ఆయన ప్రతి అన్యాయానికీ ఒక దరఖాస్తు పెట్టిన మనిషి.

అందరూ నవ్వుతుండగా ఆ చిన్నావిడ నా పక్కకు జరిగింది. నేను ఆవిడను పిన్ని అని పిలిచేదాన్ని. గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ చేయాలని డాక్టర్లు చెప్పారని మాకు తెలుసు.

"నా గుండె సంగతి అందులో రాసుంటాదేటమ్మా?"

నేను పట్టిక మూసేశాను. "ఉండదు పిన్నీ. ఆ పట్టికకు నువ్వెవరో తెలీదు."

"తెలీదా?"

"తెలీదు. లక్షమందిలో ఒకరివి, అంతే."

ఆవిడ "నానెవలో తెలీని దాని మాట నాకెందుకే, ఒగ్గీ" అంది. గారెల పళ్ళెం దగ్గరికి లాక్కుని ఒకటి తుంచుకుంది. నేను ఆవిడకు అంకె చెప్పలేదు, ఆవిడ అడగలేదు. నాలుగు నెలల తర్వాత ఆవిడకు ఆపరేషన్ బాగా జరిగింది. కానీ ఆ సాయంత్రం అది నాకు తెలీదు కదా. అంత నవ్వుల మధ్య నా చదువు బరువెంతో మొదటిసారి చేతికి తగిలింది. ఆ తర్వాత వెడల్పు పాఠం నాకు ఎవరూ మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

నానమ్మకు ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు రైల్వే ఆస్పత్రిలో నర్సు కట్టు విప్పుతుంటే మేం ముగ్గురం మంచం చుట్టూ నిలబడ్డాం. ఆవిడ కన్ను చికిలించి, మెల్లగా తెరిచి, ముందు నాన్నను చూసింది.

"నీ జుత్తు ఇంత తెల్లగా ఎప్పుడైపోనాదిరా?"

"ఎప్పుడోనే అమ్మా."

"నాకెవలూ సెప్పలేదేటి?"

తర్వాత నన్ను చూసింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ముక్కు మీ తాతదే" అని తేల్చింది. అమ్మను మాత్రం చాలాసేపు చూసి, చెయ్యి పట్టుకుంది. ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. రెండేళ్ళ కిందట అమ్మ ముందుగదికి చిలకపచ్చ రంగు వేయించింది. ఆ గదిలోనే పడుకుంటున్నా ఆ సంగతి నానమ్మకు తెలీదు. గుమ్మంలో నిలబడిపోయి, "ఇన్నాళ్ళూ నాను ఇందులో పడుకున్నానేటి?" అంది. అమ్మ పక్కకు తిరిగి నవ్వింది. నాన్న ఇక ఆపుకోలేక గోడకు చేరగిలబడి నవ్వాడు. కొత్త చెప్పులు ఆవిడే వెళ్ళి ఎంచుకుంది, రంగు చూసి మరీ.

ఇకనుంచి వారపత్రికలు తనే చదువుకుంటానంది. నాకు చదివే పని తప్పింది. సంతోషించాల్సింది పోయి, చదివేందుకు ఎవరూ పిలవకపోతే సాయంత్రాలు తోచేది కాదు. ఆవిడ పడుకున్నాక పత్రిక తీసుకుని నాలో నేనే చదువుకునేదాన్ని. ఒత్తులు సరిగ్గానే పలుకుతున్నాననుకుంటాను.

మిగిలిన ఏడాదిన్నర పరుగు పరుగున గడిచింది. ఒక పేపరు తప్పి మళ్ళీ రాశాను. రాయ్‌పూర్‌లో చివరి పరీక్షకు కాలిక్యులేటర్ ఇంట్లో మరిచిపోయి, హాలు బయట అడుక్కుని తెచ్చుకున్నాను. ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం నేను బడిలో పైథాగరస్ చెబుతున్నాను. ఫోన్ చూసి సుద్దముక్క కింద పడేశాను. పాసయ్యాను. ఫస్ట్ క్లాసు కొద్దిలో తప్పింది, అయినా ఆ కొద్దిని గురించి బాధపడటానికి నాకు తీరిక దొరకలేదు. అప్పటికి పై తరగతికి వెళ్ళిపోయిన ఆ శాతాల పిల్ల కిటికీలోంచి తొంగి చూసి, "ఎంతొచ్చింది దీదీ?" అని అడిగింది. చెప్పాను. "ఇప్పుడు మీరు ముందు" అని ఒప్పుకుంది. ఆ తర్వాత రెండు నెలలకు రాయ్‌పూర్‌లో ఒక బీమా ఆఫీసులో ట్రైనీగా చేరాను. ఇప్పుడు రోజూ పొద్దున్న బండికి వెళ్ళి సాయంత్రం బండికి వస్తున్నాను. ఆఫీసులో నా పని ఎక్కువగా అంకెల్లో తప్పులు పట్టడం. పెద్ద పరీక్షలు ఇంకా బోలెడున్నాయి.

ఫలితాలు వచ్చిన ఆ సాయంత్రం నాన్నకు రెస్టు రోజు. అందరం బజారుకు వెళ్ళాం. స్వీట్లు కొందామని నాన్న, గుడికెళ్దామని అమ్మ అనుకుంటుండగా నానమ్మ ఒక బండి ముందు ఆగిపోయింది. గుప్‌చుప్ బండి, అంటే పానీపూరీ బండి. బిలాస్‌పూర్‌లో అరవై ఏళ్ళున్నా ఆవిడ ఎప్పుడూ గుప్‌చుప్ తినలేదు, ఎంగిలి నీళ్ళని అసహ్యించుకునేది.

"ఒకటియ్యమను" అంది.

బండివాడు ఆకు దొన్నె చేతికిచ్చి, పూరీకి చిల్లు పెట్టి, పుల్లటి నీళ్ళు నింపి అందించాడు. ఆవిడ దాన్ని కొరకబోయింది. కొరకకూడదు నానమ్మా, మొత్తం ఒకేసారి పెట్టుకోవాలి అన్నాను. "ఇంతదే?" అని అనుమానంగా చూసి, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. బుగ్గలు రెండూ పొంగాయి. పూరీ లోపల పగిలినట్టుంది, ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. అది చూసి నాకు నవ్వొచ్చింది, నన్ను చూసి ఆవిడకు నవ్వొచ్చింది, నోరు తెరవడానికి లేదు, ముక్కులోంచి కారం నీళ్ళు వచ్చేశాయి. అమ్మ కొంగుతో తుడుస్తూ తిడుతోంది, నాన్న వీపు నిమురుతున్నాడు, నేను బండి అంచు పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాను. నానమ్మ దగ్గు ఆపుకుని, కళ్ళు తుడుచుకుని, దొన్నె మళ్ళీ ముందుకు చాపింది.